జపాను బొమ్మలకథయు మా చిన్నత్తగారును



గతమాసమున ఊరగాయజాడీల సంరక్షణమునుగూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున వడియములనుగూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి గాని, నడుమ మా యింట నొక వింత జరిగినందున వడియములు వచ్చు మాసమునకు జరిగినవి. క్షమింప వేడెదము. మా చిన్నత్తగారు, అనగా మావారి పినతండ్రిగారి భార్య, 73 ఏండ్ల పెద్ద, భాగవతము తప్ప వేఱొండు వినని యామె, జపానుదేశపు ప్రణయకథ నొకదానిని మొదలునుండి తుదివఱకు చెప్పించుకొని వినిరి. వినుటయే గాదు, కడపటి సంపుటము ముగియువఱకు మమ్మెవ్వరిని నిద్రింపనీయలేదు.

ఆ పుస్తకము మా యింటికి దొంగసొత్తువలె వచ్చినది. మావారు బడిలో లెక్కలు చెప్పుదురని సోదరీమణు లెఱుగుదురు. తొమ్మిదవ తరగతి బాలు డొకడు లెక్కల పుస్తకము నడుమ బొమ్మల పుస్తకమును దాచి చదువుచుండగా వారి కంటబడెను. తోడి బాలురు "ప్రేమకథలు ఆడపిల్లలు చదివేవిరా" యని గేలిచేయగా ఆ పసివాడు గంటసేపు తల యెత్తలేదట. మావారు పుస్తకమును సంచిలో వేసికొని వచ్చి, అందేమైన అసభ్య మున్నచో తండ్రిని పిలిపింపవలెనని తలచి, రాత్రి భోజనమైనపిదప పరీక్షకు కూర్చుండిరి. 11 గంటలైనను దీప మాఱలేదు.

"అసభ్యమేమైన కనబడినదా?" అని యడిగితిమి.

"ఇంకా చూస్తున్నాను" అనిరి.

మఱునాడు తండ్రిని పిలిపింపలేదు. బాలుని ప్రక్కకు పిలిచి, తరువాతి సంపుటమున్నదా యని యడిగిరట. అంతేగాక ఆ పుస్తకమును తామును చదువుచున్నట్లు తరగతిలో నలుగురియెదుట చెప్పిరట. అటుపిమ్మట గేలి మాటలు వినబడలేదని మా అమ్మాయి చెప్పినది. ఆ బడిలోనే చదువుచున్నది గనుక ఆమె మాట నమ్మదగినదే.

జపానులో అచ్చగు చిత్రకథకు మాంగా యనియు, దానినే కదలుబొమ్మలుగా తీసినప్పుడు ఆనిమే యనియు పేరు. అచ్చటి మాంగాపత్రికలు చదువరులనుబట్టి విభజింపబడియున్నవి. బాలురకు వేఱు, బాలికలకు వేఱు, యువకులకు వేఱు, వయసువచ్చిన స్త్రీలకు వేఱు. ప్రణయకథలు విశేషముగ బాలికల పత్రికల సొత్తు. మావారి చేతబడిన కథయో, యువకుల పత్రికలో పుట్టినది. పేరు "మెజోన్ ఇక్కోకు." రుమికో తకహాషి యను రచయిత్రి 1980లో, తమ 23వ యేట, "బిగ్ కామిక్ స్పిరిట్స్" అను పత్రికలో ఆరంభించి 1987 వఱకు నడపిరి. 15 సంపుటములైనది. 1986 మొదలు 1988 వఱకు 96 భాగములుగా టెలివిజనులోను వచ్చినది. ఆ యేండ్లలోనే ఆమె బాలుర పత్రికలో "ఉరుసెయి యాత్సురా" యను మఱియొక హాస్యకథను నడుపుచుండిరి. నెలకొక వ్యాసము వ్రాయుటకు పొయ్యిమీది పాలు పొంగించుకొను మాకు ఇది తలచుకొన్న సిగ్గగుచున్నది.

కథ యిది. టోక్యో నగరమున ఇక్కోకుకాన్ అను పాతకొయ్యయిల్లు గలదు. గదులు అద్దెకిత్తురు. ఆ యింటి పెత్తనమునకు క్యోకో యను యువతి వచ్చును. ఆమె పాఠశాలలో చదువుకొనుచు, అచ్చట పాఠములు చెప్పు సోయిచిరో యనువానిని వలచి, తలిదండ్రులు వలదన్నను పెండ్లాడి, ఆఱునెలలైన కాపురము చేయకముందే అతనిని పోగొట్టుకొన్నది. ఆ యింటిలో గొదాయి యను బీదవిద్యార్థి యుండును. విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్ష తప్పినవాడు, వయసున ఆమెకంటె చిన్న. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇరుగుపొరుగు గదులవారు రాత్రులందు ఇతని గదిలోనే చేరి త్రాగి ఆడుదురు. ఇట్టివాడు ఆమెను వలచును. ఆమెకును క్రమముగ మనసగును. చెప్పుకొనుటకు మాత్రము యేండ్లు పట్టును.

ఆ యింట నొక తెల్లకుక్క. దానిపేరు సోయిచిరో! కీర్తిశేషుడైన భర్త పేరే.

మా అమ్మాయి సాయంకాలము వసారాలో కూర్చుండి, ఆంగ్లానువాదమును చూచి తెనుగున చెప్పుచుండెను. చిన్నత్తగారు వత్తులు చేసికొనుచు, "అదేమిటే, పుస్తకం వెనకనుంచి తెరిచావు?" అనిరి. జపానువారి పుస్తకము కుడినుండి యెడమకు సాగునని అమ్మాయి వివరించినది. కుక్క పేరు వచ్చునప్పటికి ఆమె చేతులాగినవి. మాకు గుండె జల్లుమన్నది. ఏలన, చిన్నత్తగారికి 17వ యేట వివాహమైనది. మూడేండ్లకు చినమామగారు గతించిరి. ఇది 1970 ప్రాంతపు మాట. వితంతువివాహమునకు 1856లోనే చట్టము వచ్చినది. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిరి. అయినను మా యింట 1970లో ఆమెను "నీ మనసులో నేమున్నది?" అని అడిగినవారు లేరు. అట్టి పెద్దయెదుట, వితంతువు మరల వలచు కథయా! అమ్మాయికి కనుసైగ చేసితిమి. చిన్నత్తగారు చూడనే చూచిరి.

"దాన్నెందుకు ఆపుతావు, అమ్మాయీ? కుక్కని ఆ పేరు పెట్టే పిలుస్తుందా? రోజూనా?" అని మమ్మడిగిరి.

ఔనంటిమి.

"బయటికే?"

ఔనంటిమి. ఆమె మఱల వత్తులు చేయనారంభించిరి. "చెప్పవే" అని మనుమరాలితో ననిరి.

ఇచ్చట నొక మాట చెప్పవలెను. భర్త పేరు నోట పలుకరాదనుట మన యిండ్ల ఆచారము. మా అబ్బాయికి చినమామగారి పేరే పెట్టితిమి. వానికిప్పుడు 11 ఏండ్లు. చిన్నత్తగారు వానిని "బుజ్జీ" యని తప్ప పిలిచియెఱుగరు. తద్దినమునాడు పురోహితుడు పలుకుట తప్ప, ఆ పేరు ఆమెయెదుట మేమును పలుకము. పలుకకుండుటయే ఆమెకు మేలని అనుకొనుచుంటిమి.

ఒక రాత్రి మావారు, "పదునాలుగేండ్ల కుఱ్ఱవానికి, నావంటివానికి, చిన్నమ్మకు ముగ్గురికి ఒకే కథ యెట్లు నచ్చును?" అని యడిగిరి. మేము మా తండ్రిగారియొద్ద చదువుకొన్న నాలుగు కావ్యములను నెమఱువేసికొని యాలోచించితిమి.

మన కావ్యములలో నాయిక మనసు మనకు చెలికత్తెవలన తెలియును. అనసూయా ప్రియంవదలు లేనిచో శకుంతల తాపము తామరాకుమీది లేఖయై యుండదు. దమయంతికి హంస యున్నది. చెలితో చెప్పుకొనునప్పుడు మనము చాటుననుండి వినుచుందుము. ఈ మాంగాలలో చెలికత్తె లేదు, ఉన్నను ఆమెకు నిజము చెప్పరు. బయటి మాటలను బుడగవంటి గీత గీసి అందు వ్రాయుదురు. మనసులోని తలపులను ఆ బుడగకు వెలుపల, పూలనడుమనో కురులప్రక్కనో, ఉత్తపుటమీద విడిచివేయుదురు. పూర్వము బాలికల మాంగాలను పెక్కింటిని పురుషులే వ్రాయుచుండిరి. 1970 తరువాత మోటో హాగియో, కెయికో తకెమియా మున్నగు స్త్రీలు కలము పట్టి ఈ పద్ధతిని పెంపుచేసిరి. రుమికోగారి కథ యువకుల పత్రికలోనిదైనను ఆ తలపులమాటల మర్మ మిందును గలదు.

దీని ఫలితమేమనగా, క్యోకో తలపు గొదాయికి తెలియదు, ఆమె తల్లికి తెలియదు, ఇరుగుపొరుగువారికి తెలియదు. చదువుచున్నవారికి మాత్రమే తెలియును. చెలికత్తె పీట మనకు వేయబడినది! ఇట్లు నమ్మి మనసు విప్పినవారిని కాదని లేచిపోవుట కష్టము. ఆలోచింపుడు. తొమ్మిదవ తరగతి బాలునితో ఎవరు మనసు విప్పి మాటలాడుదురు? లెక్కల మాష్టరుతో ఎవరు మాటలాడుదురు? మా చిన్నత్తగారితో ఈ 50 ఏండ్లలో ఎవరు మాటలాడిరి? ప్రణయకథలు ఆడపిల్లలకని అనుకొందుము గాని, ఆడపిల్లలకు మాటలాడుకొనుటకు ఎవరో యొకరు చెలులుందురు. చెలులు లేనివారు వీరే.

ఇది మా యింటి వింత మాత్రమే కాదు. గొప్ప చిత్రదర్శకులగు హయావో మియాజాకిగారు 50 ఏండ్లకు దగ్గఱపడినవేళ, వేసవిలో కొండకుటీరమున కాలక్షేపమునకు మేనకోడండ్రు విడిచిపోయిన "రిబోన్" అను బాలికల పత్రికను తిరుగవేసిరట. అందు అవోయి హిరాగి యను రచయిత్రి 1989లో వ్రాసిన కథ యొకటి వారిని పట్టుకొన్నది. గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న పుస్తకముల చీటీలన్నిటిమీదను తనకు ముందే ఒకే బాలుని పేరుండుట చూచి, ఎవరో యని ఆశ్చర్యపడు బాలిక కథ యది. 1995లో దానికి వారే చిత్రకథనము వ్రాయగా యోషిఫుమి కొందోగారు చిత్రముగ తీసిరి. పుస్తకపు చీటీయే హంసరాయబారమైనది. పుస్తకములు చదువు స్త్రీలకు ఇది మిక్కిలి నచ్చునని మా నమ్మకము.

మురసాకి షికిబు యను రాజాంతఃపుర స్త్రీ వెయ్యేండ్లక్రింద వ్రాసిన గెంజికథను వాకి యమాతోగారు 1979 మొదలు 1993 వఱకు మాంగాగా వ్రాయగా, పరీక్షలకు పాతభాష చదువు విద్యార్థులు సహితము దానిని చేతబట్టిరి. మన దేశముననో, 2019లో మకోతో షింకాయిగారి "తెంకి నో కో" యను చిత్రమును ఇచ్చటను ప్రదర్శింపుడని వేలకొలది యువజనులు సంతకములు చేసి వేడుకొనగా, ఆ అక్టోబరులో మన చిత్రశాలలలో ప్రదర్శించిరి.

అన్నియు ఇంత నిర్మలమని మే మనము. ఇక్కోకుకాన్‌లోనే మద్యపానమునకు కొదువ లేదు. ప్రక్కగది వాడొకడు గోడకు కన్నము పొడిచి తొంగిచూచును. మేమును మొదట ముఖము చిట్లించితిమి. అంగడులలో ఇంతకంటె మొఱటువి కలవు. పిల్లల చేతికిచ్చుటకు ముందు తల్లులు తామొకమాఱు తిరుగవేయుట మంచిది. అట్లు తిరుగవేసి తిరిగి యీయని మాష్టరుల సంగతి వేఱు.

కథలోనికి వత్తము. ఈ కథలో కాలము కదలును. పత్రికలో 7 ఏండ్లు గడచుసరికి కథలోని వారికిని వయసు వచ్చును. పరీక్ష తప్పినవాడు చదువు ముగించి, ఉద్యోగము దొరకక తిరిగి, తుదకు శిశుపాలనాలయములో పిల్లలకు చదువు చెప్పువాడగును. నడుమ ధనికుడొకడు, అందగాడు, ఆటలు నేర్పువాడు, క్యోకోను కోరుకొనును. కుక్కయన్న వానికి భయము. చిన్నత్తగారు దీనికి పకపక నవ్విరి. "కుక్కంటే భయమైనవాడు ఆయిన్ని దాటి ఎలా వస్తాడే!" అనిరి. ఆ "ఆయిన" యెవరో మేము వివరమడుగలేదు.

మఱి, క్యోకో మామగారే ఆమెను మఱల పెండ్లాడుమని ప్రోత్సహించును. ఇది వినినప్పుడు ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, "మా మావగారు మంచివారే" అని మాత్రమనిరి.

కడపటి సంపుటము ఆదివారము రాత్రి వచ్చినది. ఆ బాలుడే స్వయముగ తెచ్చి, వాకిట నిలుచుండి, లోనికి రమ్మన్నను రాక, "మామ్మగారు విన్నాక ఏమన్నారో చెప్పండి సార్" అని పోయెను. పెండ్లికి ఒప్పుకొనుచు క్యోకో గొదాయిని ఒక్కటే వరము కోరును: తనకంటె ఒక్కదినమైనను ఎక్కువ బ్రతుకవలెనని. అమ్మాయి ఇది చెప్పునప్పుడు గొంతు పట్టుకొని ఆగినది. చిన్నత్తగారు గోడవంక చూచుచు, "నేనడగలేదు. పదిహేడేళ్లు నాకు. అడగాలని తెలీదు" అనిరి.

మావారు లేచి మంచినీళ్లు తెచ్చి యిచ్చిరి. ఇదివఱకు వారెన్నడును ఎవరికిని నీళ్లు తెచ్చియిచ్చుట మేము చూడలేదు.

పిమ్మట సమాధికడ జరుగు ఘట్టము. గొదాయి ఒంటరిగ సోయిచిరో సమాధియొద్దకు పోయి, క్యోకో మనసులో నీవున్నావు, ఆమెను స్వీకరించునప్పుడు నిన్నును కలిపియే స్వీకరింతునని చనిపోయినవానితో చెప్పుకొనును. అక్కడికే వచ్చిన క్యోకో చెవిని ఆ మాట పడును. ఈ కథ కెట్లు ముగింపు వచ్చునో యని మేము బెంగపడియుంటిమి. క్రొత్తవాడు రావలెనన్న పాతవానిని మఱచిపోవలె ననుకొంటిమి. రుమికోగారు ఎవ్వరిని వెళ్లగొట్టలేదు. చిన్నత్తగారు, "అక్కడ మళ్ళీ చెప్పవే" యని రెండుమాఱులు చెప్పించుకొని, చిన్నగ దగ్గి, పోయి పడుకొనిరి.

మఱునాటి యుదయమున వంటయింట మేము ఉప్మా దింపుచుంటిమి. అబ్బాయి పెరటిలో బంతి కొట్టుకొనుచుండెను. చిన్నత్తగారు గడపకడ నిలిచి వానిని పేరుపెట్టి పిలిచిరి. పూర్తిపేరు. మా చేతిలోని గరిటె ఆగినది. మా వాడు పలుకలేదు. ఆమె పిలుచుచున్నది తన్నే యని వానికి తోచలేదు.

ఆమె మఱియొకమాఱు, కొంచెము గట్టిగ పిలిచిరి.