మదర్‌బోర్డుకి మార్కులేంటండీ?

ఆఫీసులో ఎవరైనా డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుంటున్నాడని తెలిస్తే చాలు, క్యాంటీన్‌లో మొదటి ప్రశ్న "ఏ బోర్డు? బెంచ్‌మార్క్ స్కోరెంత?" సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళేముందే ఏ బోర్డు ఏ చార్టులో పైనుందో బట్టీపట్టి మరీ వెళ్తారు మనవాళ్ళు. నన్నడిగితే ఆ చార్టు చూసి బోర్డు కొనడం శుద్ధ దండగ.

ఒకప్పుడు దానికో అర్థం ఉండేది. మెమరీ కంట్రోలర్ బోర్డు మీద నార్త్‌బ్రిడ్జ్ చిప్‌లో ఉండేది కాబట్టి, చిప్‌సెట్ మారితే స్పీడూ మారేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో నెహాలెమ్‌తో దాన్ని ప్రాసెసర్ లోపలికి లాగేసుకున్నాయి. ఇప్పుడు అదే ప్రాసెసర్, అదే ర్యామ్, అవే సెట్టింగులు పెడితే రెండు మంచి బోర్డుల మధ్య తేడా నామమాత్రం.

మరి చార్టులో తేడా ఎక్కణ్ణుంచి వస్తోంది? సెట్టింగులు ఒకటి కావు కనక! కోర్ ఐ9-14900కె కి ఇంటెల్ చెప్పిన గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. కొన్ని బోర్డులు డీఫాల్ట్‌గా పెట్టిన లిమిట్ 4096 వాట్లు. అంటే రెండు గీజర్లంత! లిమిట్ లేనట్టే లెక్క. స్కోరు పెరుగుతుంది, దాంతోపాటే వేడీ పెరుగుతుంది. 2024లో 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లు క్రాష్ అవుతున్నాయని గోల మొదలైనప్పుడు ఈ సెట్టింగుల మీదే అందరి కళ్ళూ పడ్డాయి. తప్పంతా బోర్డులదే అనట్లేదు. మైక్రోకోడ్ మితిమీరిన వోల్టేజ్ అడగడం కూడా కారణమని ఇంటెలే ఒప్పుకుని, ఆ ఆగస్టులో ప్యాచ్ ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. కానీ చార్టు ఫస్ట్ ర్యాంకు కోసం మన ప్రాసెసర్‌ని పణంగా పెట్టడం ఎందుకు?

కొలవాలంటే కొలవాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది ర్యామ్. డీడీఆర్4-3200 ఒక్క స్టిక్ పెడితే సెకనుకి గరిష్ఠంగా 25.6 జీబీ, రెండు స్టిక్కులు సరైన స్లాట్లలో పెడితే 51.2. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చెయ్యకపోతే 3200 అని డబ్బులిచ్చి కొన్న ర్యామ్ అంతకన్నా తక్కువ స్పీడులోనే నడుస్తూ ఉండొచ్చు. చాలామంది ఒక్కసారి కూడా చూసుకోరు.

రెండోది ఓపిక. ఒక్క నిమిషం లోడ్ టెస్ట్ చేసి ప్రొడక్షన్‌కి రిలీజ్ ఇస్తామా? మరి బోర్డుకి మాత్రం ఒక్క నిమిషం టెస్ట్ ఎలా సరిపోతుంది? మీ ప్రాజెక్టునే అరగంటపాటు మళ్ళీ మళ్ళీ బిల్డ్ చెయ్యండి. కేబినెట్ మూత వేసి, ఏసీ ఆపి, మన హైదరాబాదు మే నెల మధ్యాహ్నం చెయ్యండి. ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్ఎం వేడెక్కితే క్లాక్ స్పీడు ఎలా పడిపోతుందో అప్పుడు కనిపిస్తుంది. చవక బోర్డుకీ మంచి బోర్డుకీ అసలు తేడా అక్కడుంది. ఏసీ రూములో, కేబినెట్ లేకుండా బల్లమీద పెట్టి తీసిన స్కోరులో అది కనపడదు.

మూడోది మనకి తెలిసిందే: ఒకసారికి ఒక్కటే మార్చి, కనీసం మూడుసార్లు కొలవాలి.

ఇవన్నీ అయ్యాక కూడా డబ్బులు మిగిలితే ఖరీదైన బోర్డు మీద కాకుండా ర్యామ్ మీదో, మంచి పవర్ సప్లై మీదో పెట్టండి. స్కోరు స్క్రీన్‌షాట్ ఒక్కరోజు చూపించుకుంటాం, మిషన్‌తో అయిదేళ్ళు కాపురం చెయ్యాలి. ఏమంటారు?