బండి మనది... క్రేను ఎవరిది?

రోడ్డు పక్కన గీత లోపల పద్ధతిగా పెట్టిన బండి, గంట తర్వాత వచ్చి చూస్తే అక్కడ ఉండదు. దొంగ ఎత్తుకుపోయాడో, సర్కారు ఎత్తుకుపోయిందో తెలియదు. దొంగయితే నయం, స్టేషనుకు పోయి ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. సర్కారయితే? పోలీసులనడిగితే మున్సిపాలిటీ వాళ్ళంటారు, మున్సిపాలిటీనడిగితే పోలీసులంటారు. చివరికి ఏ మైదానంలోనో అద్దం పగిలి, గీతలు పడి మన బండి కనిపిస్తుంది. పైగా లాక్కొచ్చిన ఖర్చు మనమే కట్టాలట!

సోమవారం అర్జీ పట్టుకుని దివిసీమ నుంచి బందరు కలెక్టరేటుకు వచ్చే రైతుకైనా, కోనేరు సెంటర్లో పని చూసుకునే గుమాస్తాకైనా, గుడివాడ నెహ్రూ చౌక్ దగ్గర ఆగిన విద్యార్థికైనా ఇది ఎప్పుడైనా ఎదురు కావచ్చు. పెద్దాయన కాన్వాయ్ వస్తోందని పైనుంచి ఒక్క ఫోను చాలు, వీధంతా ఖాళీ చేయించేస్తారు. ఆ ఫోనుకు కాగితం ఉండదు. మేం అడుగుతున్నది ఆ కాగితం గురించే.

చట్టం ఏమంటోంది? 1988 మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షను ఉంది. బహిరంగ స్థలంలో పది గంటలు, ఆపైన పట్టించుకోకుండా వదిలేసిన బండినీ, చట్టప్రకారం పార్కింగు నిషేధించిన చోట పెట్టిన బండినీ తీయించవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు. ట్రాఫిక్కుకు ప్రమాదంగా మారిన పాడుబడ్డ బండ్లనూ, వదిలేసిన బండ్లనూ తొలగించవచ్చు. అయితే మొదటి రెండు సందర్భాల్లోనూ ఆ ఆదేశం ఇవ్వాల్సింది యూనిఫాంలో ఉన్న, ఆ పరిధి గల పోలీసు అధికారి. క్రేను మీద కూర్చున్న కాంట్రాక్టరు కుర్రాడు కాదు. తీసుకుపోయిన ఖర్చు యజమాని మీద పడేది కూడా ఈ సెక్షను కింద తీసిన బండికే. అంటే పద్ధతి ప్రకారం పెట్టిన బండికి టోయింగు చార్జీ అడిగే హక్కు ఈ సెక్షను ఎవరికీ ఇవ్వలేదు.

'నిషేధించిన చోటు' అన్న మాట దగ్గరే అసలు మాయ జరుగుతుంది. బండ్లు ఎక్కడ నిలపాలో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారం 117వ సెక్షను ప్రభుత్వానికి, అది నియమించిన అధికారికి ఇచ్చింది. ఆ నిర్ణయం జనానికి తెలియాలి కదా! పొద్దున లేని బోర్డు మధ్యాహ్నానికి పుట్టుకొచ్చి, పొద్దున పెట్టిన బండిని నేరస్థుణ్ణి చేస్తే దాన్ని నిబంధన అనరు, వల అంటారు.

అలాగని ఏ బండినీ ఎప్పుడూ కదపకూడదని మేం అనడం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమ ఇది. తుపాను హెచ్చరిక వచ్చి దారి ఖాళీ చెయ్యమంటే ఇక్కడ ఎవడూ సెక్షను అడగడు, తానే ముందు తోస్తాడు. నిప్పంటుకున్నా, అంబులెన్సు ఆగిపోయినా అంతే. కానీ జరపడం వేరు, శిక్షించడం వేరు. తప్పు చేయని వాడి బండిని ప్రజావసరం కోసం జరిపితే ఖర్చు ప్రజాధనంలోంచి రావాలి. ఎక్కడ పెట్టారో చెప్పాలి. చెక్కుచెదరకుండా అప్పగించాలి.

ఇది మా కోరిక మాత్రమే కాదు. సుప్రీంకోర్టు 1967లోనే ఒక సంగతి తేల్చింది. జునాగఢ్‌లో కస్టమ్స్ వాళ్ళు ఒకాయన లారీలు పట్టుకున్నారు. అప్పీలు నడుస్తుండగానే అవి ఆరుబయట పడి ఉండి భాగాలు మాయమయ్యాయి. ఆఖరికి దిక్కులేని సొత్తు కింద అమ్మేశారు. అప్పీలు గెలిచిన యజమాని నా బండ్లేవని అడిగితే, మీకూ మాకూ ఒప్పందం ఏముందని గుజరాత్ ప్రభుత్వం వాదించింది. ఒప్పందం లేకపోయినా పరాయి సొత్తు చేతిలోకి తీసుకున్నాక దాన్ని జాగ్రత్తగా చూసే బాధ్యత సర్కారుదేనని కోర్టు చెప్పింది. నేరాల కేసుల్లో పట్టుకున్న వస్తువులను కూడా పదిహేను రోజులు, మహా అయితే నెల మించి స్టేషన్లలో ఉంచొద్దని అదే కోర్టు 2002లో అంది. స్టేషన్ల ముందు తుప్పు పట్టిన బండ్ల వరసలు చూస్తే ఆ తీర్పు ఎవరు చదివారో అర్థమవుతుంది.

మన డెల్టా పిల్లలు బోలెడుమంది ఉండే కాలిఫోర్నియాలో ఊరేగింపుకో మరో పనికో రోడ్డు వాడుకోవాలంటే, బండ్లు తీసేస్తామని కనీసం 24 గంటల ముందు బోర్డు పెట్టాలని చట్టమే చెబుతుంది. మన కార్తీక పౌర్ణమి తేదీ మాత్రం ఏడాది ముందే పంచాంగంలో ఉంటుంది. మంగినపూడి తీరానికి జనం వస్తారని ఎవరికి తెలియదు? ఒక్క రోజు ముందు బోర్డు కట్టడానికి ఏం అడ్డు?

ఉద్యమ పత్రికకు కార్ల గొడవ దేనికని కొందరు మిత్రులు ముఖం చిట్లించొచ్చు. కార్లే కాదు, అప్పు చేసి కొన్న స్కూటరూ ఇందులో ఉంది. అదీకాక 1972లో జై ఆంధ్ర అంటూ ఈ నేల మీద విద్యార్థులు చదువులు మానింది, ఉద్యోగులు సమ్మె కట్టింది దేనికోసం? మనల్ని అడగకుండా, మనకు చెప్పకుండా మన మీద హుకుంలు జారీ కాకూడదని కూడా కదా! 2014 జూన్ 2న తెలంగాణ వేరుపడింది. మనం కోరుకున్న దారిలో కాకపోయినా ఆంధ్ర ఆంధ్రగా మిగిలింది. అంతకుముందు ఏం జరిగినా హైదరాబాదు మీదికి నెట్టేవాళ్ళం. ఇప్పుడు క్రేను మనది, డ్రైవరు మనవాడు, ఆదేశమిచ్చిన అధికారీ మన రాష్ట్రం వాడే. ఇక ఎవరి మీదికి నెడదాం?

కాబట్టి అడుగుదాం. బండి పెట్టగానే గీత, బోర్డు కనపడేలా ఫోనుతో ఓ ఫొటో తీసుకోండి. డబ్బు అడిగితే ఏ సెక్షను కింద, ఎవరి ఆదేశం మీద అన్నది రాసిన రసీదు లేకుండా ఇవ్వొద్దు. ఇవ్వక తప్పకపోతే అభ్యంతరంతో కడుతున్నామని రాసి సంతకం పెట్టండి. ఆ మర్నాడే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వెయ్యండి: ఆ వీధిలో పార్కింగు నిషేధిస్తూ ఇచ్చిన ఉత్తర్వు నకలు, టోయింగు కాంట్రాక్టు నకలు, రేట్లు ఖరారు చేసిన కాగితం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఉద్యోగ సంఘాల మిత్రులు, విద్యార్థి సంఘాల వాళ్ళు వచ్చిన జవాబులను మాకు పంపండి. ఉత్తర్వు ఉంటే ఉత్తర్వు అచ్చేస్తాం. లేదంటే ఆ ఖాళీ జవాబునే, సంతకంతో సహా మొదటి పేజీలో వేస్తాం.