శాస్త్రబోధనము – నూతన సాధనములు

మన పాఠశాలలలో నల్లబల్ల యున్న గోడమీదికి వెలుగుతెర వచ్చినది. పాఠ్యపుస్తకములో అచ్చయిన క్యూఆర్ గుర్తును ఫోనుతో చూచినయెడల చలనచిత్రపాఠము ప్రత్యక్షమగుచున్నది. ప్రభుత్వములు ఈ సాధనములను కొనుచున్నవి. పూర్వవిద్యార్థులును, గ్రామములలోని దాతలును తమ తలిదండ్రుల పేర కొని యిచ్చుచున్నారు. ఈ యౌదార్యమును మేము మనసార అభినందించుచున్నాము. అయినను తెర వచ్చిన పిమ్మట విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని పని యేమగుచున్నదో, విద్యార్థి చేతికి ఏమి మిగులుచున్నదో విచారించుట ఇచ్చినవారికిని, పుచ్చుకొన్నవారికిని విధియై యున్నది.

యంత్రముతో శాస్త్రమును నేర్పవలెనను ఆశ క్రొత్తది గాదు. 1885లో లాహోరున స్థాపితమైన పంజాబు విజ్ఞానసంస్థ పక్షమున రుచిరామ్ సాహ్నీ మాజిక్ లాంతరు చిత్రములతోను, ప్రయోగములతోను సామాన్యజనులకు వారి భాషలోనే శాస్త్రవిషయములను బోధించెను. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరకాలము, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములు ప్రసారమయ్యెను. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలును అందుండెను. గడువు తీరగనే ఉపగ్రహము తరలిపోయినది. 2004 సెప్టెంబరు 20న విద్యాబోధనకై ఎడ్యుశాట్ శ్రీహరికోటనుండియే ఎగిరినది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన టాబులను పంచిపెట్టెను. ఆ పాఠములను సమకూర్చిన సంస్థ 2024 జూలైలో దివాలా విచారణకు లోనయ్యెను. సాధనములు వచ్చుచుండును, పోవుచుండును. తరగతిలో నిలిచియుండువాడు ఉపాధ్యాయుడొక్కడే. కావున సాధనము ఎంత గొప్పదని గాక, అది ఆయన చేతిలో ఎట్లు పనిచేయుచున్నదని ప్రశ్నింపవలెను.

పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱని పారాణి యగునని మన యిండ్లలో ఎఱుగనివారు లేరు. సున్నము క్షారమగుటచే ఆ రంగు వచ్చుననియు, నిమ్మరసము పిండినచో మరల పసుపువన్నె తిరుగుననియు బాలుడు స్వయముగ చేసి తెలిసికొనుట శాస్త్రమునకు తొలిమెట్టు. ఇదే ప్రయోగమును తెరమీద చూపవచ్చును. రెండు నిమిషములలో ముగియును. రంగులు మిక్కిలి అందముగ నుండును. కాని బాలుని గిన్నెలో సున్నము చాలక రంగు సరిగ రాకపోవచ్చును. అప్పుడతడు “ఏల రాలేదు?” అని అడుగును. ఆ ప్రశ్నయే శాస్త్రము. తెరమీది ప్రయోగము ఎన్నడును తప్పదు. తప్పని ప్రయోగమునుండి ప్రశ్న పుట్టుట అరుదు.

ఇట్లనుటచే మేము యంత్రమును నిందించుచున్నామని తలపరాదు. నోబెల్ బహుమానము నందిన భౌతికశాస్త్రజ్ఞుడు కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ‘ఫెట్’ అను పేర శాస్త్రవిషయముల కదలుబొమ్మలను ఆరంభించెను. అవి ఎల్లరకును ఉచితముగ లభించుచున్నవి. ఆ విశ్వవిద్యాలయమువారు 2005లో ప్రకటించిన పరిశోధనలో, నిజమైన తీగలతోను దీపములతోను అభ్యసించిన విద్యార్థులకంటె ఈ బొమ్మలలో వలయములు కూర్చి అభ్యసించినవారు విద్యుత్తును గూర్చి మెరుగుగ సమాధానము చెప్పిరి. నిజమైన వలయమును కూర్చుటలోను వారిదే పైచేయి యయ్యెను. ఏలన, తీగలోని ప్రవాహము కంటికి కనబడదు, బొమ్మలో కనబడును. అయితే అచ్చటను విద్యార్థి చేతులు కట్టుకొని కూర్చుండలేదు. తానే తీగ కలిపెను, తానే త్రెంచెను, ఫలితమును తానే చూచెను. తెర మేలుచేసినది; పని మాత్రము విద్యార్థియే చేసెను.

మరియొక యుదాహరణము. నలువదిమంది విద్యార్థులకు ఒక్క సూక్ష్మదర్శిని యున్నదనుకొందము. ఒక్కొక్కడును క్షణకాలము కన్నుపెట్టి తొలగిపోవును. చూచినదేమో అతనికే తెలియదు. నేర్పరియైన ఉపాధ్యాయుడు ఫోను కెమెరాను ఆ యంత్రపు కంటికటకమున కాన్చి, దృశ్యమును పెద్దతెరకు కలుపును. ఒక బాలిక ఉల్లిపొర ఒలుచును. మరియొకడు అయొడిన్ చుక్క వేయును. వారు సిద్ధపరచిన ఆ పొరలోని కణములను తరగతి యంతయు ఒక్కసారి చూచును. ఇచట తెర ప్రకృతికి అడ్డు నిలువలేదు, దానిని దగ్గరకు తెచ్చినది. ఇట్టి ఉపాధ్యాయుడు యంత్రమునకు యజమాని. మీట నొక్కి కుర్చీలో కూర్చుండువాడు దానికి కావలివాడు మాత్రమే.

అయినను కుర్చీలో కూర్చున్నవానినే తప్పుపట్టుట న్యాయము గాదు. ప్రయోగశాల గదిని పాతబల్లలతో నింపి, ఏడాదికొక సీసా ఆమ్లము కొనుటకైనను ధనమీయక, పాఠములు త్వరగ ముగింపుమని తొందరపెట్టి, పరీక్షలలో కంఠపాఠమునే అడుగుచున్నయెడల ఆయన మాత్రమేమి చేయగలడు? 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 16 పాఠశాలలలో ఆరంభమైన విజ్ఞానబోధన కార్యక్రమము ఈ చిక్కును గుర్తించినది. చవుక సామగ్రి పెట్టెలు, ఉపాధ్యాయులకు శిక్షణ, పుస్తకము తెరచి వ్రాయు పరీక్ష, చేతితో చేయు పరీక్ష – ఈ నాలుగింటిని అది ఒక్కటిగ నడిపెను. ముప్పది యేండ్లు నడచిన పిమ్మట 2002లో అచ్చటి ప్రభుత్వమే దానిని నిలిపివేయుట శోచనీయము. 1999లో పుట్టి, మన చెంతనున్న కుప్పములో క్షేత్రము గల అగస్త్య సంస్థ ప్రయోగసామగ్రిని బండ్లపై పాఠశాలలకు కొనిపోయి చూపుచున్నది. మార్గము లేదని యెవరును అనజాలరు.

కావున మేము కోరునది స్వల్పము. తెర యిచ్చు ప్రతి పాఠశాలకును కటకములు, తీగలు, దీపములు, రసాయనములు గల పెట్టె నొకదానిని ప్రభుత్వము ఈయవలెను. ఖర్చయిన వస్తువులకై ఏటేట కొంత ధనము కేటాయింపవలెను. ఏ పాఠమునకు తెర, ఏ పాఠమునకు చేయి అను నిర్ణయమును ఉపాధ్యాయునికే విడువవలెను. పరీక్షలో చేసి చూపినదానికి మార్కులుండవలెను. పాఠములు ఒక వ్యాపారి తాళములో గాక, ఉపాధ్యాయుడు దిద్దుకొనుటకు వీలుగ తెలుగున నుండవలెను. 1906లోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి శాస్త్రమును తెలుగున చెప్పబూనిన జాతికి ఇది అసాధ్యము గాదు.

దాతలకు మాదొక మనవి. పైరు పెరుగు చిత్రమును చూచినంతమాత్రమున ఎవడును వ్యవసాయదారుడు కాడని మీకు మేము చెప్పబనిలేదు. మీరిచ్చిన తెరను చూచుటకు బడికి పోయినప్పుడు, అది వెలుగుచున్నదా యని అడిగి మరలి రాకుడు. ఒక పిల్లవానిని దగ్గరకు పిలిచి, “ఈ నెల నీ చేతితో ఏ ప్రయోగము చేసితివి?” అని అడుగుడు. వాడు చెప్పుటకు ఏమియు లేకున్నచో, మీ దానమున ఇంకను సగము మిగిలియున్నదని గ్రహింపుడు.