సముద్రం దాటని పరిహారం

2024 జనవరి మొదటి రెండు రోజులు దేశంలో చాలాచోట్ల లారీలు ఆగిపోయాయి. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు విధించవచ్చన్న భారతీయ న్యాయ సంహిత 106(2) మీద డ్రైవర్లు ఆగ్రహించారు. పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. రెండో రోజు రాత్రికల్లా కేంద్ర హోం శాఖ లారీ యజమానుల సంఘంతో చర్చలకు కూర్చుంది. ఆ ఏడాది జూలై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపవిభాగాన్ని పక్కన పెట్టారు.

డ్రైవర్ల భయంలో న్యాయం లేదని నేను అనను. ఆగితే జనం కొట్టి చంపుతారన్న వారి వాదన కల్పితం కాదు. కానీ ఆ రెండు రోజుల చర్చలో ఒకరి ఊసు మాత్రం ఎక్కడా వినిపించలేదు. లారీ కింద పడినవాడి కుటుంబం ఊసు. డ్రైవరుకు సంఘం ఉంది, యజమానికి సంఘం ఉంది, బీమా కంపెనీకి జిల్లాకో న్యాయవాదుల జాబితా ఉంది. చనిపోయినవాడి భార్యకు ఏ సంఘమూ లేదు. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. డ్రైవరుకు ఎన్నేళ్ల జైలు అన్న ప్రశ్న చుట్టూ రాజకీయం తిరుగుతుంది. ఆ ఇంటికి ఎంత, ఎప్పుడు, ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్నను మాత్రం వకీళ్లకు వదిలేసి చేతులు దులుపుకుంటుంది.

ఈ వదిలేయడం ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే అండమాన్ నికోబార్ దీవులకు వెళ్లాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 3.8 లక్షల జనంలో దాదాపు ఎనిమిదో వంతు తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా నుంచి చేపల వేటకు, కూలి పనికి, చిన్న వ్యాపారానికి వెళ్లి స్థిరపడినవారు, ఇప్పటికీ వెళ్లి వస్తున్నవారు వీరిలో ఎక్కువ. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ రేవు దగ్గర కాసేపు నిలబడితే సిక్కోలు యాస చెవిన పడుతుంది.

దీవుల్లో బతుకంతా ఓడ మీద, ఓడ తర్వాత లారీ మీద ఆధారపడి ఉంటుంది. బియ్యం, సిమెంటు, ఇనుము, గ్యాసు సిలిండరు ఓడల్లో వచ్చి రేవుల్లో దిగుతాయి. అక్కడి నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా అండమాన్ ట్రంకు రోడ్డే ఆధారం. ఆ రోడ్డు జిర్కాటాంగ్ దాటాక జారవాల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. వాహనాలు బారుగా, నిర్ణీత వేళల్లో, పోలీసు కాపలాతో కదలాలి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర పంటు ఎక్కి పాయ దాటాలి. జారవాలున్న ప్రాంతంలో ఈ రోడ్డును మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. రోడ్డు నడుస్తూనే ఉంది. ఆదేశం ఒకటి, ఆచరణ ఒకటి కావడం ఈ దీవులకు కొత్త కాదు.

ఇక్కడ ఒక సంసారాన్ని ఊహించుకుందాం. రంగత్ దగ్గర ఒక సరుకు లారీ ఢీకొని 32 ఏళ్ల కూలీ చనిపోయాడు. నెలకు 15,000 రూపాయల సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడినవారు. చట్టం ప్రకారం ఆ ఇంటికి రావలసింది ఎంత?

ఈ లెక్కను సుప్రీంకోర్టు 2009 నాటి సరళా వర్మ తీర్పులోనూ, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పులోనూ స్థిరపరచింది. నలభై ఏళ్లలోపు స్వయం ఉపాధివారికి, స్థిర వేతనం గలవారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. అంటే నెలకు 21,000. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్య కోల్పోయిన సాహచర్యం వంటి పద్దులు దీనికి అదనం.

ఇప్పుడు రెండో దారి చూద్దాం. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన కొత్త 164వ విభాగం ప్రకారం, తప్పెవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. వినడానికి ఉదారంగా ఉంది. నిజంగానే కొందరికి మేలు చేస్తుంది కూడా. కానీ దాని పక్కనే, 166వ విభాగంలో ఒక చిన్న మినహాయింపు వాక్యం ఉంది. బీమా కంపెనీ ప్రతిపాదించిన ఈ 164 పరిహారాన్ని అంగీకరిస్తే ట్రిబ్యునల్ ముందున్న క్లెయిము పిటిషన్ రద్దయిపోతుంది. అంటే మన ఊహాసంసారంలోని ఆ భార్య 5 లక్షలకు వేలిముద్ర వేసిన క్షణాన, పాతిక లక్షలకు పైగా హక్కును వదులుకున్నట్టే. ఆ మాట ఆమెకు తెలుగులో ఎవరు చెబుతారు? ఇంటద్దె బాకీ ఉన్నప్పుడు, స్వస్థలానికి వెళ్లడానికి ఓడ టికెట్టు డబ్బులు లేనప్పుడు, ఎదురుగా ఉన్న 5 లక్షలను కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇదే సవరణ చేసిన మరో పని కాలపరిమితిని తిరిగి తేవడం. 1988 చట్టంలో ఆరు నెలల గడువు ఉండేది. తగిన కారణం ఉంటే ఏడాది వరకు ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉండేది. అది కూడా బాధితులకు అన్యాయమేనని 1994లో పార్లమెంటు ఆ గడువునే తొలగించింది. పాతికేళ్లు గడిచాక మళ్లీ ఆరు నెలలు వచ్చాయి, ఈసారి మన్నించే అధికారం కూడా లేకుండా. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. దహన సంస్కారాలు, పోస్టుమార్టం నివేదిక, ఎఫ్‌ఐఆర్ నకలు, వారసత్వ ధ్రువపత్రం, మధ్యలో ఓడ ప్రయాణం... ఇవన్నీ పూర్తయ్యేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఈ నిబంధన చెల్లదంటూ దాఖలైన పిటిషన్లపై విచారణ సాగుతుండగా, గడువు దాటిందన్న కారణంతో క్లెయిములను కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లను, హైకోర్టులను ఆదేశించింది. అది ఊరటే. అయితే మధ్యంతర ఉత్తర్వు నీడలో హక్కు ఎంతకాలం తలదాచుకోగలదు?

గడువును సమర్థించేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. ఏళ్ల తర్వాత పుట్టుకొచ్చే దొంగ క్లెయిములు ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో ఈ దందాపై ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయాల్సి వచ్చింది, అందులో న్యాయవాదుల పాత్ర కూడా బయటపడింది. కానీ దొంగ క్లెయిమును పట్టేది గడువు కాదు, ప్రమాదం జరిగిన వెంటనే తయారయ్యే నిజమైన పోలీసు నివేదిక. ఆరు నెలల్లోపు దొంగ కాగితాలు సృష్టించలేని మోసగాడు ఎవడున్నాడు? గడువు దాటి చిక్కుకునేది నిరక్షరాస్యురాలైన వితంతువే.

పోలీసు నివేదిక గురించే అసలు మాట చెప్పాలి. ఎందుకంటే చట్టంలో మందు కూడా ఉంది. 2022లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 50 రోజుల్లో మధ్యంతర నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. 159వ విభాగం కింద అందిన ఆ నివేదికనే క్లెయిము దరఖాస్తుగా ట్రిబ్యునల్ పరిగణించాలని 166(4) చెబుతోంది. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ విధానాన్ని దేశమంతటా అమలు చేయాలని ఆదేశించింది. ఇది సక్రమంగా నడిస్తే బాధితులు కోర్టును వెతుక్కుంటూ వెళ్లనక్కర లేదు, కోర్టే వారిని పిలుస్తుంది. ఆరు నెలల గడువు బెడద కూడా చాలావరకు తప్పుతుంది. ఒక ఎస్‌ఐ తన పని సకాలంలో చేయడం మీద ఒక ఇంటి భవిష్యత్తు నిలిచి ఉంది.

దీవుల్లో ఈ పని జరుగుతోందా అని అడగవలసింది ఎవరు? రాష్ట్రాల్లో అయితే అసెంబ్లీలో రవాణా మంత్రిని, హోం మంత్రిని నిలదీయవచ్చు. అండమాన్‌కు శాసనసభ లేదు. లెఫ్టినెంట్ గవర్నరు కేంద్రం నియమించిన వ్యక్తి. లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక్క సభ్యుడు. జిల్లా న్యాయస్థానం శ్రీ విజయపురంలో ఉంది. అప్పీలు కలకత్తా హైకోర్టుకు, లేదా ఆ కోర్టు సర్క్యూట్ బెంచికి వెళ్లాలి. కలకత్తా సముద్రం మీదుగా 1,200 కిలోమీటర్లకు పైనే. బీమా కంపెనీకి ఆ దూరం ఒక ఖర్చు పద్దు. ఆ భార్యకు అదే కేసు వదులుకోవడానికి కారణం.

మన తెలుగువారికి తెలియవలసిన సంగతి ఇంకొకటి ఉంది. క్లెయిము ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. 166(2) ప్రకారం ప్రమాదస్థలంలో గానీ, క్లెయిముదారు నివసించే చోట గానీ, ప్రతివాది ఉన్న చోట గానీ వేయవచ్చు. హుగ్లీ జిల్లా ప్రమాదంపై కలకత్తాలో, బీమా కంపెనీ కార్యాలయం అక్కడ ఉందన్న ఆధారంతో వేసిన క్లెయిమును 2016లో మాలతీ సర్దార్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అంటే అండమాన్‌లో చనిపోయిన మత్స్యకారుడి కుటుంబం సంతబొమ్మాళిలోనో సోంపేటలోనో ఉంటే, శ్రీకాకుళం జిల్లాలోని ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, బీమా పాలసీ వివరాలు దీవుల నుంచి రావాలి, అంతే.

లారీల విషయంలో మరో చిక్కుముడి కూడా ఉంది. దీవుల్లోనే కాదు, మన పల్లెల్లోనూ కూలీలు సరుకు లారీల వెనక ఎక్కి వెళ్లడం మామూలే. సరుకు వాహనంలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుడికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర లేదని ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రం 1994 సవరణ నుంచి రక్షణ ఉంది. చేపల బుట్టలతో ఎక్కిన మనిషి సరుకు యజమాని. పక్కనే చోటుందని ఎక్కిన అతని తమ్ముడు ఎవరూ కాడు. ఒకే లారీ, ఒకే లోయ, రెండు న్యాయాలు. లారీ యజమాని కింద పనిచేసే కూలీ అయితే కార్మిక పరిహారం దారి ఉంది, కానీ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ఇక అసలు బీమాయే లేని లారీ అయితే, పూచీ కట్టించుకోకుండా దాన్ని వదిలిపెట్టవద్దని 2018లో ఉషాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషను ఆవరణ నుంచి లారీ వెళ్లిపోయాక యజమాని వెంట తిరగడం గాలిని మూటగట్టడమే.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. ఏ స్టేషను పరిధిలో ఎన్ని ప్రమాదాలు జరిగాయో, ఎన్నింటి సమగ్ర నివేదికలు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు చేరాయో దీవుల పాలనా యంత్రాంగం మూడు నెలలకోసారి బహిరంగంగా ప్రకటించాలి. 164 కింద రాజీ నమోదు చేసే ముందు, 166 కింద వచ్చే మొత్తం అంచనాను బాధితుల మాతృభాషలో చదివి వినిపించడం తప్పనిసరి చేయాలి. డిగ్లీపూర్ నుంచి, క్యాంప్‌బెల్ బే నుంచి వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే వీలు ప్రతి క్లెయిములో ఉండాలి. శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, దీవుల న్యాయ సేవాధికార సంస్థ కాగితాల మార్పిడికి ఒక ఒప్పందం చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ఎంపీలు ఆరు నెలల గడువును 1994లో లాగానే తొలగించే సవరణ కోసం పట్టుబట్టాలి. ఓట్లు అక్కడ ఉన్నా, ఆ ఓటర్ల తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు కదా.

2016 నాటి బిల్లులో మరణానికి బీమా కంపెనీల బాధ్యతను 10 లక్షలకు పరిమితం చేయాలన్న ప్రతిపాదన ఉండేది. వ్యతిరేకత వచ్చింది, చట్టంగా మారినప్పుడు ఆ పరిమితి లేదు. అంటే అడిగితే వెనక్కి తగ్గుతారు. డ్రైవర్లు రెండు రోజులు చక్రాలు ఆపి తమ మాట వినిపించుకున్నారు. ఆపడానికి ఏమీ లేనివారి తరఫున అడగడానికే కదా మనం ప్రతినిధులను ఎన్నుకునేది.