మన అడుగు మరొకరికి గొయ్యి కారాదు

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగంలో అడిరాండక్ పర్వతాలు విస్తరించి ఉన్నాయి. అక్కడి ఓల్డ్ ఫోర్జ్ అనే చిన్న ఊరి సమీపంలో రాండాక్స్ బాల్డ్ మౌంటెన్ అనే కొండ ఉంది. దాని ఎత్తు సుమారు 2,350 అడుగులు. శిఖరంపై 1917లో నిర్మించిన ఇనుప కావలి బురుజు నేటికీ నిలిచి ఉంది. గత జనవరిలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, ఆ కుటుంబంతో కలిసి మేము ఆ కొండ ఎక్కాము.

దారి సుమారు ఒక మైలు మాత్రమే. అయితే మోకాలి లోతు మంచులో మామూలు బూట్లతో నడిస్తే అడుగడుగునా కాలు దిగబడుతుంది. అందుకే అక్కడివారు స్నోషూలు ధరిస్తారు. ఇవి బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు. శరీర భారం ఒకచోట పడకుండా విశాలంగా పరచుకుంటుంది కనుక కాలు అంతగా దిగబడదు. అడుగున ఉన్న ఇనుప పళ్లు ఏటవాలులో పట్టునిస్తాయి. మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. కాళ్లు కాస్త ఎడంగా వేసి నడవడం అలవాటైతే చాలు.

సగం దూరం వెళ్లేసరికి మా మేనల్లుడు స్నోషూలు విప్పి చేత పట్టుకున్నాడు. "మామూ, చూడండి, దారి గట్టిగానే ఉంది. ఇవి బరువు తప్ప మరేమీ కాదు" అన్నాడు. పది అడుగులు వేశాడో లేదో, ఒక కాలు మోకాలి దాకా దిగబడిపోయింది. దెబ్బ తగలలేదు. నవ్వుతూ కాలు పైకి లాక్కొని ముందుకు కదలబోయాడు. వాళ్ల నాన్న అతణ్ణి ఆపి, ఆ గొయ్యిని చూపించారు. రాత్రికి అది గడ్డకట్టి రాయిలా మారుతుంది. పైన పలుచగా కొత్త మంచు పడితే కంటికి కనిపించదు. రేపు దిగివచ్చే వారెవరైనా అందులో కాలు పెడితే ఎముక విరగవచ్చు. అబ్బాయి మారుమాట లేకుండా వంగి, గోతిని మంచుతో నింపి, స్నోషూలతో తొక్కి చదును చేశాడు.

చివరి భాగమంతా గాలి కోసే రాతి వెన్ను. బురుజు మెట్లపై మంచు గడ్డకట్టి ఉండటంతో పైకి ఎక్కకుండా దాని పాదం వద్దే నిలబడ్డాము. కింద గడ్డకట్టిన సరస్సులు తెల్లని మైదానాల్లా కనిపించాయి.

ఆ బురుజుకూ ఒక కథ ఉంది. 1903లోనూ, 1908లోనూ ఈ అడవుల్లో లక్షల ఎకరాలు తగలబడ్డాయి. కలప నరికినవారు కొమ్మలూ రెమ్మలూ అక్కడే వదిలివేశారు. అవి ఎండి ఉండగా, రైలు ఇంజిన్ల నిప్పురవ్వలు వాటిపై పడ్డాయి. వారికి అడవిని కాల్చాలన్న ఉద్దేశం లేదు. తమ వెనుక ఏమి మిగులుతోందో చూసుకోలేదు, అంతే. ఆ తరువాత 1909 నుండి శిఖరాలపై కావలివారిని నియమించారు. పొగ కనిపించగానే వారు పటంపై దాని దిశను గుర్తించి, టెలిఫోన్‌లో కబురు చేసేవారు. రెండు బురుజుల నుండి గీసిన గీతలు కలిసిన చోటే మంట ఉన్న చోటు.

ఒకరు వదిలిన చెత్త అడవికి నిప్పు తెచ్చింది. ఒకరు వదిలిన గొయ్యి మరొకరి కాలు విరవగలదు. మనమూ ఇల్లు కట్టుకొని మిగిలిన కంకరను వీధిలోనే వదిలివేస్తాము, బండిని దారికి అడ్డంగా నిలిపి వెళ్లిపోతాము. మనకు ఇబ్బంది కలగలేదు కనుక తప్పు జరగలేదనుకుంటాము. కానీ మన వెనుక వచ్చేవారి మాటేమిటి?

చీకటి పడకముందే దిగివచ్చాము. తిరుగుదారిలో మా మేనల్లుడు అందరికంటే వెనుక నడిచాడు. ఎవరో వదిలి వెళ్లిన మరో రెండు గోతులను కూడా పూడ్చి వచ్చాడు. పూడ్చమని ఎవరూ అతనికి చెప్పలేదు.