పనితనాన్ని తూచని తక్కెడ

వెండి తేజీలో ఉన్నప్పుడల్లా పాత సామాను అంగళ్లకు రావడం, వచ్చినది వచ్చినట్లే కుంపటికెక్కడం మన విపణికి కొత్త కాదు. 2025 అక్టోబరులో లండన్ విపణిలో ఔన్సు వెండి 50 డాలర్లు దాటి, 1980 జనవరి నాటి రికార్డును అధిగమించింది. అదే సంవత్సరం డిసెంబరులో మన వాయిదా విపణిలో కిలో ధర 2 లక్షల రూపాయలు దాటింది. సరకు నిల్వ ఉన్న వర్తకులు లాభపడ్డారు. లేనివారు పాత వెండి కోసం వెదుక్కున్నారు. ఇదంతా వ్యాపార ధర్మమే.

అయితే ఏ ధారణ పట్టికకూ ఎక్కని నష్టం ఒకటి ఇందులో ఉంది. సాదా కంచం, చెంబు కరిగితే మళ్లీ కంచం, చెంబు చేయించుకోవచ్చు. కాని తీగపని పళ్లెమో, అత్తరుదానో, పాన్‌దానో కరిగితే పోయేది వెండి కాదు. వెండి కడ్డీగా మిగిలే ఉంటుంది. పోయేది పని. ఇది కళాభిమానులు విచారించవలసిన విషయమే కాని వర్తకులకు సంబంధం లేదని అనుకోవడం పొరపాటు. డబ్బు పెట్టి కొన్న పనితనాన్ని మనమే సున్నకు రాసేస్తున్నామంటే అది వ్యాపార నష్టం. దానిని నివారించగలిగినదీ వర్తకులే.

తీగపనికి తూకపు దెబ్బ

కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇదే కోవకు చెందిన కటక్ తారకసి పనికి 2024లో వచ్చింది. పని విధానం మన వర్తకులకు తెలియనిది కాదు. వెండిని కమ్మచ్చులో లాగి సన్నని తీగ తీస్తారు. రెండు తీగలను పురిపెట్టి, చదును చేసి, పూలుగా, లతలుగా వంచి, కాస్త మందమైన చట్రంలో కూరుస్తారు. టంకం పొడి, వెలిగారం చల్లి, మంట ఊది అతుకుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే తీగ కరిగిపోతుంది. రోజుల పని వృథా అవుతుంది.

ఈ పనిలోని చిక్కు ఏమంటే, తీగ ఎంత సన్నగా ఉంటే వస్తువు అంత అందం, అంత తేలిక. పని ఎక్కువ, బరువు తక్కువ. మన మజూరీ పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. మజూరీని లోహం ధరపై శాతంగా లెక్కగడితే 200 గ్రాముల మోటు పనికి వచ్చినదానిలో సగమే 100 గ్రాముల నాజూకు పనికి వస్తుంది. గ్రాముకింత అని కట్టినా ఫలితం అదే. అంటే బాగా చేసినవానికి తక్కువ, బరువుగా చేసినవానికి ఎక్కువ. ఇటువంటి లెక్క కొంతకాలం నడిస్తే పనివారు సన్నతీగ మానేసి మందం తీగకు దిగడంలో ఆశ్చర్యం లేదు. ఆ తరువాత పూర్వపు పనితనం రావడం లేదని మనమే వాపోతాము.

చవక లోహం చేసిన మేలు

ఇక బీదరు పని సంగతి చూడండి. జింకులో కొద్దిపాటి రాగి కలిపి పోతపోసి, పైన చెక్కిన గాడులలో వెండి తీగను, రేకును పొదిగి, బీదరు కోట మట్టితో కాచి నలుపు తెప్పిస్తారు. బీదరులోనూ, హైదరాబాదులోనూ ఈ పని సాగుతూ వస్తున్నది. దీనికి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో బీదరు కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీని పద్మశ్రీతో గౌరవించారు. పాత బీదరు హుక్కా బుడ్లు మన సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ, లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలోనూ చెక్కుచెదరక ఉన్నాయి. వీటిని ఎవరూ కుంపటిలో వేయలేదు. కారణం స్పష్టం: కరిగిస్తే వచ్చేది ప్రధానంగా జింకు. అందువల్ల బీదరు వస్తువును కొనేవాడు మొదటినుంచీ పనికే వెల ఇచ్చాడు, అమ్మేవాడు పనికే వెల అడిగాడు. లోహం చవకై పనిని బతికించింది. వెండి ఖరీదై తన పనిని తానే కరిగించుకుంటున్నది.

విదేశాలలోనూ ఇటువంటి నిదర్శనం ఉంది. అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ తన జీవితకాలంలో సుమారు 1,800 నగలు స్వయంగా సుత్తితో కొట్టి చేశాడు. వాటిలో చాలా భాగం ఇత్తడి తీగ, వెండి తీగ. 1942లో న్యూయార్క్‌లో తన కళా ప్రదర్శనశాల ప్రారంభోత్సవం నాడు పెగ్గీ గుగెన్‌హైమ్ ఒక చెవికి కాల్డర్ చేసిన లోలాకు, మరో చెవికి చిత్రకారుడు ఈవ్ టాంగీ చేసిన లోలాకు పెట్టుకున్న సంగతి ప్రసిద్ధం. ఆ ఇత్తడిని నేడు ఎవరూ కిలో లెక్కన అడగరు. వస్తువు ఎవరి చేతిదో రూఢి కావడమే అందుకు కారణం.

ముద్రకున్న విలువ

పికాసో గీసిన బొమ్మలను ఫ్రాన్సులోని స్వర్ణకారుడు ఫ్రాన్సువా యూగో 1950ల నుంచి వెండి పళ్లేలుగా, బంగారు పతకాలుగా మలిచాడు. ఒక్కొక్క నమూనాను పరిమిత సంఖ్యలో చేసి, ముద్ర వేసి, వరుస సంఖ్య వేశారు. కొన్నవానికి చేతిలో ఉన్నది ఎన్నవ ప్రతి, ఎవరి గీత, ఎవరి చేత అన్నది తెలుసు. మళ్లీ అమ్మబోతే ఆ మూడింటికీ వెల వస్తుంది. వెండి వెల అందులో ఒక భాగం మాత్రమే.

ఇంగ్లండులో 1363లోనే ప్రతి స్వర్ణకారుడూ తన సొంత ముద్ర వేయాలని శాసనం చేశారు. మోసం పట్టుకోవడానికి పెట్టిన ఆ ముద్రే తరువాత పనితనానికి చిరునామా అయింది.

మన దేశంలో బంగారు నగలకు 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి అయింది. ఆరు అక్షరాంకాల గుర్తింపు సంఖ్య వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికి కూడా ఆ సంఖ్యను ఐచ్ఛికంగా ప్రవేశపెట్టారు. ఇది కొనుగోలుదారుకు మేలు చేసే ఏర్పాటే. కాని ఆ సంఖ్య వల్ల టంచు తెలుస్తుంది, నగ ఏ అంగడి పేరున నమోదయినదో తెలుస్తుంది. ఎవరి చేతిలో తయారయినదో తెలియదు. భౌగోళిక గుర్తింపు ఊరి పేరు చెబుతుంది. హాల్‌మార్కు లోహం మాట చెబుతుంది. చేతి మాట చెప్పే కాగితం మన దగ్గర లేదు. ఆ లోటును పూడ్చడానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనవసరం లేదు.

లెక్క వేసి చూస్తే

ఒక ఉదాహరణ తీసుకుందాం. కిలో ధర 70 వేలున్నప్పుడు ఒకరు 200 గ్రాముల తీగపని పళ్లెం కొన్నారనుకుందాం. వెండికి 14 వేలు, పనికి 7 వేలు, మొత్తం 21 వేలు. కిలో 2 లక్షలైనప్పుడు అందులోని వెండి లెక్కకు 40 వేలు. టంకం, తరుగు పోను కరిగింపునకు 37 వేలు వస్తాయనుకుందాం. అటువంటి పళ్లెమే కొత్తది చేయించాలంటే వెండికి 40 వేలు, పనికి కనీసం 10 వేలు, వెరసి 50 వేలు. పన్నులు పక్కనబెడితే కరిగింపు ధరకూ కొత్త ధరకూ మధ్య 13 వేల తేడా ఉంది.

ఈ తేడాయే మన వర్తకులు గమనించవలసినది. పళ్లేన్ని అంగడివారు 41 వేలకు కొని 46 వేలకు అమ్మితే యజమానికి కరిగింపు కంటె 4 వేలు ఎక్కువ, కొత్త కొనుగోలుదారుకు 4 వేలు ఆదా, అంగడికి 5 వేలు. కుంపటికి పంపితే ఈ 13 వేలు ఎవరికీ దక్కవు.

దీనికి వర్తకులు చెప్పే అభ్యంతరాలు లేకపోలేదు. పెట్టుబడి ఇరుక్కుంటుందన్నది మొదటిది. ఇది నిజమే. 1980 జనవరిలో 50 డాలర్ల దరికి చేరిన వెండి మార్చి 27 నాటికి 11 డాలర్ల లోపునకు దిగింది. అటువంటి మందీలో చిక్కిన నిల్వదారు గతేమిటి? దీనికి రెండు ఉపాయాలున్నాయి. సరకును యజమాని పేరనే ఉంచి, అమ్మకం జరిగినప్పుడు దలాలీ తీసుకోవడం ఒకటి. నిల్వకు తగినంత వెండిని వాయిదా విపణిలో అమ్మి రక్షణ పొందడం రెండవది. ఎంసీఎక్స్‌లో ఒక్క కిలో కాంట్రాక్టు కూడా లభ్యం. పైన చెప్పిన పళ్లేలు ఐదింటికి అది సుమారు సరిపోతుంది.

ఖాతాదారు తూకమే అడుగుతాడన్నది రెండవ అభ్యంతరం. అదే ఖాతాదారు పోచంపల్లి చీర కొనేటప్పుడు పట్టు ఎన్ని గ్రాములని అడగడు. నేత చూసి, రంగు చూసి వెల ఇస్తాడు. వెండి అంగడిలో తూకం మాట్లాడటం మనమే అతనికి నేర్పాము. పని మాట్లాడటమూ మనమే నేర్పగలము.

అంగళ్లు చేయవలసినవి

మొదటిది, బిల్లులో లోహం వరుస వేరు, పని వరుస వేరు. పనిని శాతంలో కాక రూపాయలలో రాయాలి. వెండి ధర పెరిగినా, తరిగినా పని ధర దానివెంట ఊగకూడదు. అలా విడిగా రాసిన మొత్తంలో తనకు రావలసినది ఎంతో అడగడానికి పనివానికీ ఆధారం దొరుకుతుంది.

రెండవది, విలువైన ప్రతి వస్తువుతోపాటు చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం, వరుస సంఖ్య రాసిన చీటీ ఇవ్వాలి. వీలైతే వస్తువు అడుగున చిన్న ముద్ర వేయించాలి. ఇందుకయ్యే ఖర్చు స్వల్పం.

మూడవది, తిరిగి కొనేటప్పుడు, వస్తువు చెడకుండా ఉంటే, మొదట పనికి తీసుకున్న దానిలో ఎంత భాగం తిరిగి ఇచ్చేదీ ముందుగానే ప్రకటించాలి. నాలుగో వంతు ఇచ్చినా, సున్న కంటె నయమే. తిరిగి వెల వస్తుందని తెలిసినవాడు రెండో వస్తువు కొనడానికి వెనుదీయడు.

నాలుగవది, పాత వెండిని కుంపటికి పంపేముందు వేరుచేయించాలి. విరిగినవి, సొట్టలు పోయినవి, యంత్రపు అచ్చులో కొట్టినవి కరిగించడంలో తప్పులేదు. చేతిపని అని తోచినదానిని వారం రోజులు పక్కన ఉంచి, తెలిసినవారికి చూపించి, అప్పుడు నిర్ణయించాలి. వారం రోజులలో వెండి ధర అటూ ఇటూ కావచ్చు. ఒకసారి కరిగిన పళ్లెం మాత్రం తిరిగి రాదు.

బులియన్ సంఘాలు పూనుకుంటే ఈ నాలుగింటినీ ఉమ్మడి నిబంధనలుగా పెట్టుకోవచ్చు. ఒక్క అంగడి చేస్తే అది వింతగా ఉంటుంది. పది అంగళ్లు చేస్తే వ్యాపార ఆచారమవుతుంది. తేజీ మందీలు వస్తాయి, పోతాయి. వెండి ధర నిర్ణయం మన చేతిలో లేదు. అది లండన్, న్యూయార్క్, షాంఘైలలో జరిగిపోతుంది. కరీంనగర్ పళ్లెంలోని పనికి ధర కట్టవలసినది మాత్రం మన గల్లా దగ్గరే.