నరాలు తేలితే బలమొచ్చినట్టేనా?

మొన్న మా టీములో ఒకతను నా ఫోన్లో మా నాయన ఫొటో చూసి, "అంకుల్ చేతులు చూడు బాస్, ఏం నరాలు! కుడి చెయ్యైతే మరీనూ. ఏ జిమ్ము?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మాది అనంతపురం జిల్లా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో శెనక్కాయ పండించాల్సిన నేల. ఆ కుడి చెయ్యి నలభై ఏళ్లు మేడి పట్టింది, పార పట్టింది. ఇప్పుడు అదే చేత్తో నిండు బిందె ఎత్తలేడు. నరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

మన ఐటీ జనాలకి ఇదో పిచ్చి పట్టుకుంది. అద్దం ముందు నిలబడి, కుడి చేతిలో నరాలు కనిపిస్తున్నాయి, ఎడం చేతిలో లేవు, కాబట్టి ఎడం చెయ్యి వీకు అని తేల్చేసుకోవడం. వెళ్లి ఇంకో డబ్బా ప్రోటీన్ పౌడరు కొనడం. లాగ్‌లో ఒక్క లైన్ చూసి బగ్ దొరికిందనే జూనియర్ని ఊరుకుంటామా? మరి మన ఒంటి దగ్గర ఎందుకు ఊరుకుంటున్నాం?

తికమక మాటలోనే ఉంది. మనం నరాలంటున్నవి సిరలు, అంటే రక్తాన్ని తిరిగి గుండెకి మోసే గొట్టాలు. ఎక్కువ పనిచేసే చేతిలో కండ పెరిగి, రక్తం ఎక్కువ పారి అవి తేలొచ్చు, కాదనను. కానీ చర్మం కింద కొవ్వు తగ్గినా తేలతాయి, ఎండకీ తేలతాయి, ముసలితనంలో తోలు పలచబడి కండ కరిగినా తేలతాయి. బలాన్నిచ్చేది కండ, ఆ కండని నడిపించే అసలు నరాలు. అవి అద్దంలో కనపడవు.

నమ్మకం లేదా? డయాలసిస్ వార్డుకి వెళ్లి చూడండి. ముంజేతిలో ధమనిని సిరకి కలిపి ఫిస్టులా పెడతారు, సాధారణంగా తక్కువ వాడే చేతికే. కొన్ని వారాల్లో ఆ సిర తాడులా ఉబ్బుతుంది. ఆ చేత్తో బరువులు మోయొద్దంటారు డాక్టర్లు. నరాలే బలమైతే ఆ వార్డులో అందరూ పహిల్వాన్లే!

సరే, రెండు చేతులకీ తేడా లేదా? ఉంది. కుడిచేతి వాటం వాళ్ల కుడి పిడికిలి ఎడమకన్నా దాదాపు 10 శాతం బలంగా ఉంటుందని వైద్యుల పాత లెక్క. ఎడమచేతి వాటం వాళ్లలో ఆ తేడా పెద్దగా ఉండదు. కత్తెర నుంచి మౌస్ దాకా అన్నీ కుడిచేతి వాళ్లకే చేసిన లోకంలో వాళ్లు రెండు చేతులూ వాడక తప్పదు మరి. అంటే తేడా వాడకంలో ఉంది. రఫెల్ నాదల్ కుడి చేత్తో రాస్తాడు, ఎడం చేత్తో ఆడాడు. ఆ ఎడం చెయ్యే లావెక్కింది. అతని ఫౌండేషన్ 2010లో మా అనంతపురంలోనే ఆర్‌డీటీతో కలిసి టెన్నిస్ స్కూలు పెట్టింది. అక్కడి పిల్లలు రాకెట్ పట్టి ఆడుతున్నారు, నరాలు లెక్కపెట్టుకోవట్లేదు.

మీ ఎడం చెయ్యి సంగతి తేలాలంటే ఒకే డంబెల్‌ని ఒక్కో చేత్తో ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కేసుకోండి. అంతే. ఇంకొకటి: బరువులెత్తాక ఒక చెయ్యి ఉన్నట్టుండి వాచి, నీలంగా మారి, భుజం మీద సిరలు తేలితే సెల్ఫీ తీసుకోకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. వయసులో ఉన్నవాళ్లకే, ఎక్కువగా వాడే చేతికే వచ్చే జబ్బు అది.

టీమ్‌మేట్ మాట నాయనకి ఫోన్లో చెప్పాను. "బలం యాడిదిరా, కండ కరిగిపాయ, నరాలు మిగిలె" అన్నాడు.

ఆ మిగిలినదాని కోసమే మనం నెలనెలా ఫీజు కడుతున్నాం.